పందిరి కింద పరిగె

అనగనగా అనగనగా, పొద్దు పొడవకముందే నిద్రలేచే ఊరు ఒకటుండేది. దాని పేరు పందిళ్ళపాలెం. ఆ ఊళ్ళో ఎటు చూసినా పందిళ్ళే. పెళ్ళి పందిళ్ళు కావే తల్లీ, పాదు పందిళ్ళు. వాటి కింద బీరకాయలు, కాకరకాయలు, ఆనపకాయలు వేలాడుతుండేవి. పొట్లకాయలకైతే కొసన చిన్న రాయి కట్టేవాళ్ళు. ఎందుకో తెలుసా? రాయి బరువుకి కాయ తిన్నగా సాగుతుంది. రాయి జారిపోయిందనుకో, పాములా మెలిక తిరిగిపోతుంది.

ఆ పందిళ్ళన్నీ లోకనాథం అనే కామందువి. వాటిలో పనిచేసే వాళ్ళంతా ఊరి చివర చౌడుపేటలో ఉండేవాళ్ళు. చౌడంటే ఉప్పు నేల. అక్కడ గింజ వేస్తే మొలవదు, మొలిచినా బతకదు. మంచి నేలంతా పాదులకు పోయాక మనుషులకు మిగిలింది అదీ! ఎవరు పంచారో అలాగ! ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. సరే, నువ్వు కథ విను.

ఆ చౌడుపేటలో నూకాలమ్మ అని ఒకావిడ. ఆవిడకు పైడి అని ఒక్కతే కూతురు. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. పైడికి ఆరేళ్ళు. నోరు తెరిస్తే ప్రశ్న. "అమ్మా, బీరకాయకి గీతలెవులు గీసేరు? అమ్మా, కాకరకాయలో చేదు ఎవులు పోసేరు?" అచ్చం నీలాగే అనుకో.

తెల్లవారుజామునే నూకాలమ్మ తలకు గుడ్డ చుట్టుకుని తోటకు పోయేది. ఎండ తగలకముందే కాయ కోయాలి. మంచు ఆరకముందే ఆకుకూర కోయాలి. ఆ తర్వాత తొట్టిలో కడగాలి. ఆ తర్వాత గంపలకెత్తాలి. అప్పుడు ట్రాలీ బండి వచ్చి, గంపలన్నీ ఎక్కించుకుని పట్నం మార్కెట్టుకు పోయేది. ఆ తర్వాత పాదులకు నీళ్ళు, కలుపు, మళ్ళీ రాళ్ళు కట్టడం. కామందు కూలి ఇచ్చేసరికి పొద్దుగూకేది.

చేతిలో కూలి పడ్డాక కదా కూర కొనాలి? ఆ వేళకు పేటలోకి సన్యాసి తోపుడుబండి వచ్చేది. ఏముండేవి దాని మీద? మెత్తబడ్డ వంకాయలు, ముడతలు పడ్డ బీరకాయలు. తోటకూర కట్ట విప్పితే లోపల జిగురు. పట్నంలో రెండు రోజులు ఎవరూ ముట్టని సరుకు, మూడో రోజుకు చౌడుపేటకు వచ్చేది.

పక్కింటి ఎర్రప్పమ్మ రోజూ ఆ బండి దగ్గర నిలబడి, ఆ కాయ కోసినవాళ్ళను తిట్టిపోసేది. "ఏ దేశపోల్లో గానీ ఆల్ల చేతులు పడిపోనూ! తొడిమ ఇలాగేనేటి కోత్తారు? కొయ్యడం రాని ఎదవలు!" అనేది. తిట్టడం అయ్యాక అదే కాయ కొనుక్కుని పోయేది. పేటంతా అంతే. అది ఎక్కడో దూరదేశపు కూర, దూరం నుంచి వచ్చేది అలాగే ఉంటుంది అనుకునేవాళ్ళు.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ పైడి గడప తట్టుకుని పడింది. మోకాలు చెక్కుకుపోయింది. మర్నాడు అదే వేళకు నీళ్ళకుండను గుద్దుకుంది. మూడోనాడు తల్లి ఎదురుగా నిలబడి చేతులు చాపితే, పిల్ల గోడ వైపు తిరిగి "అమ్మా, ఎక్కడున్నావే?" అంది.

 నూకాలమ్మ పిల్లను చంకనెత్తుకుని ఊళ్ళో ఆసుపత్రి నర్సమ్మ దగ్గరకు పరిగెత్తింది. నర్సమ్మ కళ్ళు చూసింది. ఏం తింటున్నారని అడిగింది. అప్పుడు తల ఊపింది.

"ఇది రేచీకటి నూకాలూ. నోట్లో మందు చుక్కలు వేస్తాను. కానీ మందు ఒక్కటే చాలదు. ఆకుకూర పెట్టు, గుమ్మడిపండు పెట్టు, రోజూ పెట్టు. పెట్టకపోయావా, ఇప్పుడు పొద్దుగూకితే పోతున్న చూపు రేపు పట్టపగలు కూడా పోతుంది."

ఆ సాయంత్రం నూకాలమ్మ సన్యాసి బండి మీద తోటకూర కట్ట కొంది. పై ఆకులు తీసేసింది, కింద ఆకులు తీసేసింది. నడుమ మిగిలిన నాలుగు రెమ్మలు వండింది. పైడి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, ఉమ్మేసింది. నేనైనా ఉమ్మేసేదాన్నే. పేదవాళ్ళ నాలుకకు రుచి తెలీదని ఎవడైనా అంటే నమ్మకు తల్లీ, తెలుసు. బాగా తెలుసు.

అప్పుడు పైడి అడిగింది. "అమ్మా, ఈ కూర ఎక్కడ పుట్టింది?"

"దూరంగా."

"దూరంగా అంటే ఎక్కడ?"

నూకాలమ్మకు తెలీదు. పిల్లను తీసుకుపోయి సన్యాసిని అడిగింది. "పట్నం నుంచి తెత్తన్నాను" అన్నాడు సన్యాసి.

"పట్నంలో తోటలున్నాయేటి మావా?" అంది పైడి.

"పట్నంలో తోటలేటే గుంటా! రోడ్లున్నాయి, మేడలున్నాయి."

"మరి కూర ఎక్కడ పుట్టింది?"

సన్యాసి బుర్ర గోక్కున్నాడు. ఇన్నేళ్ళుగా బండి తోస్తున్నాడు గానీ ఆ ప్రశ్న అతనికి ఎప్పుడూ రాలేదు. "మార్కెట్లో కుప్ప పోసుంటాది. ఆ కుప్ప ఎక్కణ్ణుంచి వత్తాదో నాకేటి తెలుసు?" అన్నాడు.

ఇంక నూకాలమ్మకు నిద్ర పట్టలేదు. ఆ కుప్ప ఎక్కణ్ణుంచి వస్తుంది? అసలు మేం కోసే కాయ ఎక్కడికి పోతుంది? ఒక కాయకు గుర్తు పెట్టి చూస్తే?

మొదటిసారి ఏం చేసిందో తెలుసా? పాత చీర అంచు చింపి ఒక లేత ఆనపకాయ తొడిమకు కట్టింది. కట్టి, రోజూ పోయి చూసింది. పక్క కాయలు కోశారు, వెనక కాయలు కోశారు, ఆ కాయను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకంటావు? పాదు మీద గుడ్డ కట్టారంటే అది విత్తనానికి వదిలిన కాయ అని గుర్తు. తోటలో అందరికీ తెలిసిన సంగతే. తొందరలో నూకాలమ్మే మర్చిపోయింది. తోటలో పని చూసే మేస్త్రీ అయితే ఆ కాయను తట్టి, "ఎవరో గానీ మంచి కాయ ఎంచారే!" అని మెచ్చుకున్నాడు కూడా.

రెండోసారి ఇంకో కాయకు పసుపు ముద్ద బొట్టు పెట్టింది. కాయ కోశారు, తొట్టిలో వేశారు, శుభ్రంగా కడిగేశారు. కడిగింది ఎవరనుకున్నావు? నూకాలమ్మే! చేతికి పసుపు అంటుకున్నాక గానీ తెలీలేదు పాపం.

అప్పుడు పైడి తన మోకాలు చూసుకుంటూ అంది. "అమ్మా, నా దెబ్బ మానింది గానీ మచ్చ పోలేదు. కాయకీ మచ్చుంటే పోదు కదే?"

మూడోసారి నూకాలమ్మ వేలెడంత ఆనపపిందె మీద గోటితో చిన్న చేప గీసింది. ఆవిడకు రాయడం రాదు, చేప గీయడం వచ్చు. గీత మానింది, మచ్చయింది. కాయ పెరిగింది, కాయతో పాటు చేపా పెరిగింది. ఎనిమిదో నాటికి అరచేయంత చేప! ఆ కాయను తనే కోసింది, తనే కడిగింది, తనే గంపలో పెట్టింది. బండి పట్నం పోయింది.

ఆ మర్నాడు రాలేదు. ఆ పై రోజు రాలేదు. మూడోరోజు సాయంత్రం సన్యాసి బండి మీద, ముడతలు పడ్డ ఆనపకాయల అడుగున, తోక ఊపుకుంటూ చేప!

"ఇదిగో! ఇది నా చేప! ఈ కాయ నేను కోసినాను!" అని నూకాలమ్మ కేక పెట్టింది. పేటంతా పోగయింది. కాయను చేతులు మార్చుకుంటూ చూశారు. నూకాలమ్మ జరిగిందంతా చెప్పింది. ఎర్రప్పమ్మ ఆ కాయ తొడిమ చూసింది, బండి మీద ఉన్న మిగిలిన తొడిమలన్నీ చూసింది. వాటిలో సగం ఏటవాలుగా కోసి ఉన్నాయి. తోటలో తను కోసే తీరే అది.

"ఓలమ్మో! అయితే ఇన్నేళ్ళూ చేతులు పడిపోవాలని నేను శాపాలెట్టింది నాకేనేటే?" అంది.

అందరూ నవ్వారు. పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కరే నవ్వడం ఆపేశారు. ఎందుకంటే ఆలోచిస్తున్న కొద్దీ అందులో నవ్వేదేమీ లేదు. పొద్దున్న మన చేతుల్లో నిగనిగలాడిన కాయ, పట్నమంతా తిరిగి, అందరూ వద్దన్నాక, ముసలిదై మన కంచంలోకి వస్తోంది. మనం కోసిందే మనకు ఆఖరున!

మర్నాడు నూకాలమ్మ తోటలో కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. బండి కదిలాక మేస్త్రీ ఏం చేశాడు? రాయి జారి మెలిక తిరిగిన పొట్లకాయలు, పురుగు కొరికిన తోటకూర, పగిలిన గుమ్మడిపండు, అన్నీ గంపకెత్తి గేదెల ముందు పోశాడు. మార్కెట్టు వాళ్ళకు అవి పనికిరావట. ఆకుకు చిల్లు పడితే ఏమయింది? పురుగు తిన్నదంటే మంచిదనే కదా! నూకాలమ్మ అది రోజూ చూసేదే. కానీ చూడడం వేరు, ఇదేమిటని అడగడం వేరు తల్లీ.

అడిగింది. చేతులు కట్టుకుని లోకనాథం ముందు నిలబడింది. "బాబూ, పిల్లకి చూపు ఆనట్లేదు. ఆ చిల్లుల తోటకూర నాకిప్పించండి."

"నీకిస్తే రేపు పేటంతా వస్తుంది" అన్నాడు లోకనాథం. "గేదె మేస్తే పాలిస్తుంది. మీరేమిస్తారే?"

ఏమిస్తారట! తోటంతా ఎవరి రెక్కల మీద నిలబడిందో వాళ్ళను పట్టుకుని ఏమిస్తారని అడిగాడు! నూకాలమ్మ వెనక్కి తిరిగింది. పళ్ళు బిగించుకుని వచ్చేసింది.

రెండోసారి ఆడవాళ్ళంతా కలిసి పోయారు. కూలి డబ్బులో కొంత కోసుకుని, దానికి పొద్దున్నే తాజా కూర ఇమ్మన్నారు. "కట్టలు లెక్కపెట్టుకుంటూ కూర్చోనా? నాకు వేరే పనిలేదా?" అన్నాడు. అదీ అయింది.

అప్పుడు ఎర్రప్పమ్మ అంది. "ఒలే, వరికోతలప్పుడు పరిగె ఏరుకోడానికి మనం ఎవుల్నైనా అడిగేమేటి? కొంగు దోపుకుని దిగిపోనాం. మరి ఇక్కడెందుకు దేబిరించడం?"

పరిగె అంటే ఏమిటని కదూ నీ చూపు? చెప్తాను. వరి కోసి, మోపులన్నీ బండెక్కి పోయాక, చేలో వెన్నులు రాలి ఉంటాయి. వాటి పేరే పరిగె. అవి కామందువి కావు, ఏరుకునేవాళ్ళవి. పరిగె ఆపిన చేనుకు మరుసటేడు గింజ పట్టదంటారు. అందుకే ఎంత పిసినారి అయినా ఆపడు. లోకనాథం కూడా తన వరిచేలో ఏనాడూ ఆపలేదు.

మర్నాడు ట్రాలీ బండి కదిలింది. బండి అలా మలుపు తిరిగిందో లేదో, చౌడుపేట ఆడవాళ్ళంతా కొంగులు దోపి పందిళ్ళ కింద దిగారు. లోకనాథం పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్! ఏంటిది?"

"పరిగె బాబూ" అంది నూకాలమ్మ.

లోకనాథం ఒక్క క్షణం ఆగాడు. మాట అలాంటిది మరి! ఆ తర్వాత తెలివిగా నవ్వాడు. "పరిగె కోత అయిపోయాక కదే! వరికైతే కోత అవుతుంది. పందిరికి కోత ఎప్పుడవుతుంది? రోజూ కాస్తుంది, రోజూ కోస్తాం. కోత కాకుండా పరిగె ఎక్కడిది?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాట నిజమే అనిపించింది. నూకాలమ్మ మాత్రం అడిగింది.

"అయితే కోత ఇంకా అవలేదంటారా బాబూ?"

"అవలేదు."

"నిజంగా అవలేదా?"

"అవలేదంటే అవలేదు! ఎన్నిసార్లు చెప్పాలి?"

"చాలు బాబూ, మూడుసార్లు చెప్పేరు" అంది నూకాలమ్మ. "ఇవాల్టి కోత అవకుండా రేపటి కోతకి ఎలాగ దిగుతాం? అయినప్పుడు కబురెట్టండి. అందాకా గట్టు మీద కూకుంటాం." అని కూర్చుంది. అందరూ కూర్చున్నారు.

మొదటిరోజు లోకనాథం మీసం దువ్వుకుంటూ నవ్వాడు. ఆకలేస్తే వాళ్ళే లేస్తారన్నాడు.

రెండోరోజు పక్కూరి నుంచి ఆడవాళ్ళను పిలిపించాడు. వాళ్ళు కత్తులు, గంపలు పట్టుకుని వచ్చారు. గట్టు మీద కూర్చున్న వాళ్ళను చూసి, "ఏటప్పా, ఇలాగ కూకున్నారు?" అన్నారు. ఎర్రప్పమ్మ సంగతి చెప్పింది. వాళ్ళు కూడా వరి పరిగె ఏరినవాళ్ళే కదా! "పరిగె ఆపిన తోటలో మేం కాలెట్టం" అని గంపలు బోర్లించి, వాటి మీదే కూర్చున్నారు.

అయితే చౌడుపేటలో కూడా పొయ్యిలు చల్లబడ్డాయి. రెండురోజులు గంజి. ఆ సాయంత్రానికి గంజిలో నీళ్ళెక్కువ, మెతుకులు తక్కువ. అది ఎలా ఉంటుందో నన్నడుగు, పుస్తకంలో చదివి చెప్పట్లేదు నేను. ఎర్రప్పమ్మ కూడా కాస్త మెత్తబడింది. "ఒలే నూకాలూ, ఆకు కోసం అన్నం పోగొట్టుకుంటన్నామేమోనే" అంది.

నూకాలమ్మ ఇంటి వైపు చూసింది. గుమ్మంలో పైడి గోడ తడుముకుంటూ వస్తోంది. ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు.

"మూడు రోజులు ఆకలి ఓర్చుకుంటాం అప్పా. అది చీకటిని ఎన్నేళ్ళు ఓర్చుకుంటాది?" అంది.

ఎర్రప్పమ్మ లేచి వెళ్ళి, తన వాటా గంజిలో మెతుకులు తీసి పైడి గిన్నెలో వేసింది. ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

మూడోరోజుకు పందిళ్ళు లోకనాథాన్ని వెక్కిరించడం మొదలుపెట్టాయి. బీరకాయలు పీచెక్కాయి. బెండకాయ విరిస్తే విరగడం లేదు. ఆనపకాయకు గోరు దిగడం లేదు. ట్రాలీ బండివాడు వచ్చి, ఖాళీగా తిరిగిపోతూ, "రేపు కూడా ఇంతే అయితే వేరే ఊరు చూసుకుంటానండి" అన్నాడు.

అప్పుడు లోకనాథం గట్టు దగ్గరకు వచ్చాడు. తువ్వాలు దులిపాడు, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా, "కోత అయింది, లేవండి" అన్నాడు.

"ఎప్పుడయింది బాబూ?" అంది నూకాలమ్మ.

"బండి కదిలితే అయినట్టే!"

"ఇవాళ ఒక్కరోజేనా, ప్రతిరోజూనా?"

లోకనాథం పందిళ్ళ వైపు చూశాడు. "ప్రతిరోజూ. కానీ మంచి కాయను వంకర కాయంటే ఊరుకోను!"

"ఏది వంకరో మీ మేస్త్రీయే తేలుస్తాడు బాబూ. ఆయన పారేసిందే మాది."

ఆ తర్వాత ఆడవాళ్ళు తోటలో దిగారు. ముందు ముదిరిన కాయలన్నీ కోసి పడేశారు. మర్నాడు లేత కాయ కోసి బండెక్కించారు. బండి మలుపు తిరిగింది. అప్పుడు కొంగులు దోపి ఏరుకున్నారు. పాముల్లాంటి పొట్లకాయలు, జల్లెడలాంటి తోటకూర, పగిలి ఎర్రగా నవ్వుతున్న గుమ్మడిపండు. అవి ఇళ్ళకు చేరేసరికి ఆకు మీద తడి ఇంకా ఆరలేదు. గేదెలు కాసేపు అరిచాయి, తర్వాత గడ్డికి అలవాటు పడ్డాయి. సన్యాసి కూడా తెలివైనవాడే. అప్పట్నుంచి వాడిపోని సరుకు తేవడం మొదలుపెట్టాడు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, చింతపండు.

ఆ పొద్దున నూకాలమ్మ తోటకూర వండి పైడి నోట్లో పెట్టింది. పిల్ల నమిలింది, మింగింది. "అమ్మా, ఇదేటి కూర?" అంది.

"తోటకూరే తల్లీ."

"కాదు, తోటకూర ఇలాగుండదు!"

ఆరేళ్ళు వచ్చాయి, తోటకూర రుచి ఆ రోజే తెలిసింది ఆ పిల్లకు.

అయితే చూపు మర్నాడే వచ్చేసిందా? రాలేదు. కథలో అయితే వచ్చేస్తుంది, ఒంటికి కథలు తెలీవు కదా. నర్సమ్మ మళ్ళీ చుక్కలు వేసింది. నూకాలమ్మ రోజూ ఆకు పెట్టింది, గుమ్మడి పెట్టింది. ఒక వారం పైడి గోడ వదల్లేదు. ఇంకో వారానికి ఒక చెయ్యి వదిలింది.

ఒకనాటి సాయంత్రం నూకాలమ్మ పొయ్యి దగ్గర ఉంది. బయట మసక చీకటి పడింది. చూస్తే గుమ్మంలో పైడి లేదు, గోడ దగ్గరా లేదు. నూకాలమ్మ గాభరాగా బయటకు పరిగెత్తింది. పిల్ల వాకిట్లో నడిమధ్య నిలబడి, తల పైకెత్తి, చెయ్యి చాపి, దేని వెనకో నెమ్మదిగా నడుస్తోంది. దారిలో ఉన్న రాయిని చూసింది, పక్కకు తప్పుకుంది.

"అమ్మా, అమ్మా! అదేటే, ఎగిరే నిప్పు?"

అది మిణుగురు పురుగు. చౌడుపేటకు అవి రావడం అరుదు, పుట్టి ఆరేళ్ళయినా పైడి దాన్ని ఎప్పుడూ చూసి ఎరగదు. నూకాలమ్మ పరుగు ఆగింది. అక్కడే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పైడికి అదేమీ పట్టలేదు.

"దానికి దీపం ఎవులెట్టేరమ్మా? అది ఎగిరితే ఆరిపోదేటే? పట్టుకుంటే కాల్తాదా?"

ఆ మూడు ప్రశ్నలకూ జవాబు నాకూ తెలీదు తల్లీ. నువ్వు చదువుకుని చెప్పు. ఇప్పటికి కళ్ళు మూసుకో.

బండి పోయె పట్నానికి,
పరిగె వచ్చె పేటకి,
వంకర పొట్ల వంటకి,
వాడని ఆకు నోటికి,
చెప్పిన కథ కంచికి,
చిట్టి తల్లి నిద్దరకి.